ఈటె పోటు మచ్చ

కారంపూడికి దగ్గర్లో ఒక పల్లె. ఆ ఊళ్ళో ఒక ఇంటి దూలానికి ఎర్రగుడ్డ చుట్టిన కొణతం వేలాడుతుండేది. పలనాటి యుద్ధంలో తమ పూర్వీకుడు పట్టిన ఆయుధమని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఏటా కార్తీక అమావాస్య ముందు ఇంటిపెద్ద దాన్ని దించేవాడు. చింతపండు పెట్టి తుప్పు వదిలేదాకా తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, భుజాన వేసుకుని కారంపూడి వెళ్ళేవాడు. నాగులేట్లో దానికి స్నానం చేయించి వీరుల గుడికి చేర్చేవాడు.

ఆయనకు లేక లేక ఒక మనవడు పుట్టాడు. ఎడమ భుజం కింద వేలెడు మచ్చ. "ఇది ఈటె పోటు. మన వీరుడే మళ్ళీ పుట్టాడు" అంది నాయనమ్మ. ఇక ఆ మాటకు తిరుగులేకపోయింది. ఉగ్గుపాలతోపాటు పిల్లవాడికి యుద్ధమూ పట్టారు. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు ఒక తండ్రి బిడ్డలై ఉండి విడిపోవడం, కోడిపందెంలో ఓడి మలిదేవుడు రాజ్యం విడిచిపోవడం, మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని కదనానికి కదలడం, అన్నీ వాడికి కంఠతా వచ్చాయి.

అంతటితో ఆగినా బాగుండేది. పెద్దాయనకు తమ్ముడి కొడుకులతో సాగర్ కాలువ నీళ్ళ వంతు దగ్గర తగాదా ఉంది. కేసు కోర్టులో నడుస్తోంది. "వాళ్ళెవరనుకున్నావురా? పోయిన జన్మలో నలగాముడి మంత్రి నాగమ్మ పక్షం. నిన్ను పొడిచింది వాళ్ళే" అనేవాడు మనవడితో. గోడ అవతల తన ఈడువాడే ఉన్నా ఈ పిల్లవాడు ఒక్కనాడూ వాడితో గోలీలాడలేదు.

వాడికి పన్నెండేళ్ళప్పుడు తాత కారంపూడి వీరుల ఉత్సవాలకు వెంటబెట్టుకెళ్ళాడు. రెండోనాడు రాయబారం. ఆ రాత్రి ఒక ముసలి వీరవిద్యావంతుడు అలరాజు కథ ఎత్తుకున్నాడు. మలిదేవుడి తరఫున రాయబారిగా వెళ్ళిన అలరాజు స్వయానా నలగాముడి అల్లుడు. సంధి మాట తెచ్చినవాణ్ణి చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. నలగాముడి కూతురు పేరిందేవి మొగుడి చితి ఎక్కింది. పాట అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు.

కథ ఆపి ముసలాయన మంచినీళ్ళు తాగుతుంటే పిల్లవాడు దగ్గరికెళ్ళాడు.

"తాతా, పేరిందేవి మళ్ళీ పుడితే ఏ పక్షాన పుడుద్ది?"

ముసలాయన వాణ్ణి ఎగాదిగా చూశాడు. "ఆ తల్లి పుట్టిల్లు ఒక పక్షం, మెట్టిల్లు ఒక పక్షం. ఆమెకు పక్షమేముంది నాయనా? రెండువైపులా పోయింది ఆమె మనుషులే."

"నేను మాత్రం మలిదేవుడి పక్షమే. ఇదిగో మచ్చ" అని చొక్కా జరిపి చూపించాడు.

"ఈటె పోటే అనుకుందాం. ఈటెలు రెండు పక్షాలకూ తగిలినయ్ గదా! నువ్వు నలగాముడి పక్షాన పొడిపించుకుని పడ్డావేమో. మీవాళ్ళు పగోళ్ళని చెప్పే ఇంట్లో మీ వీరుడే పుట్టి ఉన్నాడేమో. మచ్చ ఆ సంగతి చెప్పదు బాబూ."

వెనకే నిలబడ్డ పెద్దాయన ఆ మాట విన్నాడు. పిడికిట్లో కొణతం బిగిసింది. ఏమీ అనలేదు. మర్నాడు చాపకూడు వేళకు పంక్తిలో మనవడి పక్కన ఖాళీ ఉంటే తమ్ముడి మనవడు వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన లేవమనలేదు. ఆ ఏడు కాలువ దగ్గర కర్రలు లేవలేదు. కేసు మాత్రం ఇంకా నడుస్తోంది.

నీతి: పూర్వజన్మను నమ్మినవాడు వంశపు పగను నమ్మకూడదు. మళ్ళీ పుట్టేవాడు మన ఇంట్లోనే, మన పక్షానే పుడతాడని రాసిచ్చినవాళ్ళెవరూ లేరు.

సుమారు 1182లో జరిగిన ఆ దాయాదుల పోరులో ఎవరూ బాగుపడలేదు. అరవై ఆరుగురు వీరుల పేర గుళ్ళో లింగాలు మిగిలాయి. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని కథ చెబుతుంది. పలనాడు చివరికి కాకతీయుల ఏలుబడిలోకి పోయింది. అయినా అన్ని కులాలనూ ఒకే పంక్తిన కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు కంటే బాలచంద్రుడి కత్తినే మనం పిల్లలకు ఎక్కువ చెబుతాం. ఇది నాకు బాధగా ఉంటుంది. ఆ కత్తిని చిన్నబుచ్చమని కాదు. వందల ఏళ్ళుగా ఆయుధాలను కళ్ళకద్దుకుని కాపాడిన ఇళ్ళంటే నాకు గౌరవం. ఆ ఇళ్ళ పెద్దలను వేడుకునేది ఒకటే. ఈ కార్తీకంలో కొణతం దించినప్పుడు, దాన్ని పిల్లల చేతికిచ్చే ముందు పేరిందేవి కథ చెప్పండి.