ఐగుప్తును ఎట్లు జ్ఞాపకముంచుకొనవలెను?



తాండూరు దగ్గరనున్న ఒక కంది చేను సంగతి ఆలోచింతము. 1956 అక్టోబరులో అది హైదరాబాదు రాష్ట్రమందు గుల్బర్గా జిల్లాలో నుండెను. నవంబరు 1వ తేదీన తాండూరు తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో చేరి, హైదరాబాదు జిల్లాలో కలిసెను. 1978లో ఆ చేను రంగారెడ్డి జిల్లాది, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రముది, 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లాది ఆయెను. గట్టు కదలకయే ఆ చేను మూడు రాష్ట్రములను, నాలుగు జిల్లాలను చూచెను.

కాబట్టి మన ఇండ్లలో ఈ పోలిక తరచుగా వినబడును. “ఆ రోజులే మేలు” అని కొందరు, “ఇప్పుడే మేలు” అని కొందరు అందురు. ఈ విషయములో వాక్యము మనకేమి నేర్పుచున్నది?

సంఖ్యాకాండము 11వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు అరణ్యమందు ఐగుప్తును తలంచుకొని యేడ్చిరి. చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు వారికి జ్ఞాపకము వచ్చినవి. ఇటుకల పనియు, వెట్టి చేయించినవారి దెబ్బలును జ్ఞాపకము రాలేదు. మనమును అట్లే చేయుచుందుము. నిజాము కాలములో జొన్నలు చవుక అని చెప్పుకొందుము; దొర కబురు వచ్చినప్పుడు కూలి లేకుండ వెట్టికి పోయిన మన పెద్దల సంగతి చెప్పుకొనము. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో వచ్చిన రాజ్యాంగము వెట్టిని నిషేధించెను. ఇవి చిన్న మేలులు కావు. వీటికై దేవునికి స్తోత్రము చెల్లించుట న్యాయము.

అయితే ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో దేవుడు అదే ఐగుప్తును జ్ఞాపకము చేసికొనుమని ఆజ్ఞాపించుచున్నాడు. ఎందుకు? పరదేశికి న్యాయము తప్పింపకుండుటకు, విధవరాలి వస్త్రమును తాకట్టుగా తీసికొనకుండుటకు, చేనిలో మరచిన పనను బీదలకు విడుచుటకు. కూలివాని కూలి ప్రొద్దు గుంకకముందే ఇయ్యవలెననియు అక్కడనే వ్రాయబడియున్నది. ఒకే ఐగుప్తు, రెండు విధములైన జ్ఞాపకములు! ఒకటి సణుగుట పుట్టించును. మరియొకటి కనికరము పుట్టించును.

కావున “ఈ రాష్ట్రము మనకేమి యిచ్చెను?” అను ప్రశ్న ఒక్కటే చాలదు. “ఆ రాష్ట్రములో మన పెద్దలు పడిన బాధను, ఈ రాష్ట్రములో మనవలన ఎవరైన పడుచున్నారా?” అనియు అడుగవలెను. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించెను. పంటకు పేరు వచ్చినది. కోసిన చేతికి కూలి ఆ సాయంత్రమే అందినదా, లేక వచ్చే సంతకు వాయిదా పడినదా? నాపరాతి గనిలో రాయి మోయుటకు కర్నాటకనుండి వచ్చిన వానికి మన ఊరివానితో సమానముగా ఇచ్చుచున్నామా?

మంచి చట్టము దేవుని యీవియే. పాలకులను న్యాయమడుగుట మన హక్కు, మన విధి. గాని చట్టము మన కళ్లమునకు వచ్చి కూలి లెక్క చూడదు, దేవుడు చూచును.

నవంబరులో ధారూరు జాతరకు సరిహద్దు ఆవలినుండియు విశ్వాసులు వచ్చెదరు. ప్రార్థనలో మన ప్రక్కన కూర్చున్నవానిని “నీదే రాష్ట్రము?” అని వేరుపరచము. కూలి యిచ్చునప్పుడును వేరుపరచకుందుము గాక. అట్టి మనస్సును ప్రభువు మన సంఘములన్నిటికిని దయచేయునుగాక. ఆమేన్.