చెప్పవలసినవారికే చెప్పని మాట

గత వేసవిలో నొకనాటి రాత్రి మా యింటి యరుగుమీద పిల్లలకు భారతకథ చెప్పుచుంటిమి. దుశ్శాసనుడు ద్రౌపదిని జుట్టుపట్టి సభకీడ్చుకొనివచ్చు ఘట్టము నడుచుచుండెను. “ఆమె యప్పుడు ఏకవస్త్రయై యుండెను” అని చెప్పి ముందునకు సాగబోగా, పదునొకండేండ్ల మా కుమార్తె, “ఒక్క వస్త్రమే ఎందుకు నాన్నగారూ? రాణి కదా, ఆమెకు చీరలు లేవా?” అని యడిగెను. ఇరువదిరెండేండ్లుగా సంస్కృతము బోధించుచున్న మాకు నోట మాట రాలేదు. “అది తరువాత చెబుతాను, ముందు కథ విను” అని దాటవేసితిమి.

ఆమె రజస్వలయై యుండుటచేత నట్లుండెను. ఆ సంగతిని వ్యాసుడు దాచలేదు. నిండుసభలో ద్రౌపదియే దానిని చెప్పుకొన్నది. పురాణకాలక్షేపములలో వేలకొలది స్త్రీపురుషులు వినుచు వచ్చిన మాట నొక తండ్రి తన కూతునకు చెప్పలేకపోయెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి శరీరమునకు సంబంధించిన సత్యమును, ఆమె మేలుకోరియే యని మనము సమాధానపడి, ఆమెనుండి దాచుటకు మనకధికారమున్నదా? ఈ ప్రశ్ననే చదువరుల యెదుట నుంచుచున్నాము.

మన యిండ్లలో నీ విషయమున జరుగునది మిక్కిలి విచిత్రమైనది. బాలిక పుష్పవతియైన దినమువరకు ఆమెకెవ్వరును ఒక్క మాట చెప్పరు. అయిన మరుక్షణమున ఊరికంతటికి చెప్పుదురు. మేనమామకు కబురు పోవును. పేరంటాండ్రు వత్తురు. పిల్లను తాటాకుల చాపపై కూర్చుండబెట్టి చిమ్మిలి తినిపింతురు, మంగళహారతు లెత్తుదురు. నేడు పట్టణములలో కల్యాణమండపములు కుదుర్చుకొని, బాలిక ఛాయాచిత్రముతో ఫ్లెక్సీలు కట్టించువారును గలరు. సిగ్గుపడవలసిన విషయమైనచో నీ చాటింపేల? సంతోషింపవలసిన విషయమైనచో ముందుగా నామెకు దాచుటయేల? వార్త యెవరిదో వారికే కడపట తెలియు వింత యిది.

ఈ మౌనమునకు మూల్యమెంతయో మేము కన్నులార చూచితిమి. ఇరువదియేండ్లక్రిందట, ఉద్యోగమున ప్రవేశించిన క్రొత్తలో, ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతికి పాఠము చెప్పుచుంటిమి. ఒక బాలికను ప్రశ్న యడుగగా నామె లేవలేదు. రెండవమారు పిలిచితిమి. తల వంచుకొని కూర్చుండెనే కాని కదలలేదు. అది పొగరని తలచి గద్దించి లేపితిమి. ఆమె లేచినది. వెనుక బల్లలమీది మగపిల్లలు నవ్విరి. ఆ బాలిక పుస్తకములైనను తీసికొనక యింటికి పరుగెత్తెను. మరునాడు తల్లి వచ్చి పుస్తకములు సర్దుకొనుచు, మాతోడి ఉపాధ్యాయినితో, “లోపల ఏదో తెగిపోయిందనుకుందటమ్మా. చచ్చిపోతానని రాత్రంతా ఏడ్చింది” అనెను. ఆ బాలిక మరల బడికి రాలేదు. తెలివిగల పిల్ల. ఆమె చదువు నడ్డగించినది రోగము కాదు, దారిద్ర్యము కాదు. తల్లి చెప్పని మాట యొకటి, మేము తెలిసికొనని మాట యొకటి, రెండును కలిసి యామెను పాఠశాలనుండి వెడలగొట్టినవి.

“పసిపిల్లలకు ముందుగా చెప్పినచో వారి నిర్మలత్వము చెడును, లజ్జ పోవును” అని పెద్దలందురు. లజ్జ మంచిదే. కాని లజ్జయు భయమును ఒకటి కావు. తన్నుగూర్చి తానెరిగినవానికి లజ్జ యలంకారమగును. ఎరుగనివానికి గలుగునది భయము మాత్రమే. తన గుడ్డలపై నెత్తురు చూచి, ఏదో ఘోరమైన తప్పు చేసితి నేమోయని వణకు బాలిక హృదయమున నిర్మలత్వ మేమి వృద్ధి పొందును? అజ్ఞానమును నిర్మలత్వమని పిలుచుట మన సోమరితనమునకు మనము పెట్టుకొన్న మంచి పేరు.

“శాస్త్ర మట్లున్నది” అనువారు మరికొందరు. తైత్తిరీయసంహితలో నొక కథ కలదు. ఇంద్రుడు విశ్వరూపుని చంపి, ఆ బ్రహ్మహత్యాపాపమును భూమికిని, వృక్షములకును, స్త్రీలకును పంచియిచ్చెననియు, స్త్రీల పాలికి వచ్చినది ఋతురూపమున నిలిచెననియు దాని సారాంశము. ఆ కథనే స్త్రీలు సంతానమును వరముగా కోరుకొనిరనియు చెప్పుచున్నది. మనవారు వరమును మరచి పాపమును మాత్రము జ్ఞాపకముంచుకొనిరి. ఇక సుశ్రుతసంహిత శారీరస్థానమును తెరచిన, అందు పాపప్రసక్తియే లేక, ఋతుస్రావము పండ్రెండవయేట మొదలై యేబదియేండ్లకు శరీరము పరిపక్వమైనపుడు నిలిచిపోవునని వైద్యుడు చెప్పవలసినట్లే చెప్పబడియున్నది. శాస్త్రము రెండు నోళ్లతో పలికినపుడు బిడ్డ కేది మేలో దానిని వినుట తల్లిదండ్రుల వివేకము.

పూర్వుల నూరకే నిందించుట మా యుద్దేశము కాదు. నాటి పెద్ద కుటుంబములలో ఎవరును చెప్పకున్నను బాలిక చూచుచుండెడిది. వదినయో పినతల్లియో మూడు దినములు దూరముగ కూర్చుండుటయు, నాలుగవనాడు తలంటుకొనుటయు నామె యెరుగును. అందు అంటరానితన మనెడి దోష మున్నది. దానిని మరల తెచ్చుకొనవలసిన పని లేదు. చిమ్మిలిలో మాత్రము ప్రేమయు నున్నది, పుష్టియు నున్నది. నువ్వులు, బెల్లము ఎదుగు పిల్లకు మంచి యాహారమే. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆ దృష్టితో చూచిన, ఒక వారము పెట్టి మానివేయు పుష్టికరాహారము సంవత్సరము పొడుగునను పెట్టవలసియున్నది. నేడు తల్లి, తండ్రి, ఇద్దరు బిడ్డలు గల చిన్న యిండ్లలో చూచి నేర్చుకొను మార్గము మూతబడెను. చెప్పి నేర్పు మార్గ మింకను తెరువబడలేదు.

“పెద్దమనిషి యైనది” అను పలుకుబడిని గూర్చియు నాలోచింపవలెను. నిన్నటివరకు తొక్కుడుబిళ్ల యాడిన పిల్ల ఒక్కరాత్రిలో పెద్దమనిషి యెట్లగును? ఈ మాట చాటున పెండ్లి దాగియున్నది. రజస్వల కాకమునుపే పెండ్లి చేయవలెనను నియమము కొన్ని కులములలో గట్టిగా నుండెడిది. 1929లో శారదా చట్టము బాలికల వివాహవయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించెను. 1978లో నది 18కి పెరిగెను. చట్టము మారినను మాట మారలేదు. శరీరమున నొక మార్పు వచ్చినది, అంతియే. ఆమె యాటలు, చదువు, చెలిమి నిన్నటివలెనే రేపును సాగవలెను. ఈ సంగతినికూడ నామెకు స్పష్టముగా చెప్పవలెను.

చెప్పవలసినది యేమంత కష్టమైనది కాదు. తొమ్మిది, పది యేండ్ల ప్రాయమున మొదలుపెట్టవలెను. ఏలయన, పెక్కుమందికి 12, 13 ఏండ్లకు వచ్చునదే యైనను, కొందరికి పదవయేటనే రావచ్చును. రొమ్ములు పొడచూపిన తరువాత సుమారు రెండేండ్లకు మొదటి ఋతువు వచ్చుట సామాన్యము. గర్భాశయము నెలనెలయు లోపలి పొరను మెత్తగ సిద్ధము చేసికొనుననియు, బిడ్డ నిలువనప్పు డా పొర నెత్తురుతో కలిసి వెలికి వచ్చుననియు, అది గాయము కాదనియు చెప్పవలెను. చూచుటకు మిక్కుటముగ తోచినను ఆ నెత్తురు మొత్తముమీద రెండు మూడు పెద్ద చెంచాలే. మూడు మొదలు ఏడు దినము లుండును. తొలి రెండేండ్లు నెల తప్పుట వింత కాదు. ప్యాడును నాలుగైదు గంటల కొకసారి మార్చుకొనవలెను. గుడ్డ వాడినచో సబ్బుతో నుతికి, చాటున కాక, ఎండలో నారవేయవలెను. పదునైదేండ్లకును రాకున్నను, గంటగంటకు ప్యాడు తడిసిపోవుచున్నను వైద్యురాలికి చూపవలెను. ఇదంతయు నొకేదినమున ఉపన్యాసముగా కాక, నాలుగైదు మారులు ఇంటిపనుల నడుమ చెప్పిన చాలును.

“ఇవన్నియు బడిలో చెప్పుదురు గదా!” యని తప్పించుకొనరాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము “స్వేచ్ఛ” యను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు ప్యాడులు పంచు కార్యక్రమము నారంభించెను. మంచి పనియే. కాని ప్యాడును ప్రభుత్వ మీయగలదు. భయపడకుమను ధైర్యము నింటివారే యీయవలెను. తండ్రులు “అది ఆడవాండ్ర సంగతి” యని లేచిపోరాదు. మగపిల్లలకును చెప్పవలెను. ఆనాడు వెనుక బల్లలమీద నవ్విన బాలురకు ఎవరైన ముందుగా చెప్పియుండినచో వారు నవ్వియుండరని మా నమ్మకము.

ఈ మాటలు వ్రాయుటకు ముందు మా ఋణము మేము తీర్చుకొంటిమి. మా గృహిణి మొదట “ఇంకా పసిది, అప్పుడే ఎందుకండీ?” యనెను. తన తొలినాటి దిగులును తలచుకొని తానే సమ్మతించెను. ఇరువురము కూర్చుండి కుమార్తెకు చెప్పితిమి. ద్రౌపది యేకవస్త్రయై యేల యున్నదో అదియు చెప్పితిమి. మా గొంతు తడబడెను కాని ఆమె తడబడలేదు. శ్రద్ధగా విని, “బడిలో ఉండగా వస్తే ఎవరికి చెప్పాలి నాన్నగారూ?” అని యడిగెను. ఇరువదియేండ్లనాటి యా తరగతి మా కన్నులయెదుట నిలిచెను. ఏ ఉపాధ్యాయినియొద్దకు పోవలెనో చెప్పితిమి. మరునాడు తల్లి యామె సంచిలో నొక ప్యాడును, మారుదుస్తులను పెట్టెను.

మీ యింట పదియేండ్ల బాలిక యున్నయెడల నీ వారములోనే చెప్పుడు.