ప్రజల సొమ్ముతో పండిన విద్య ఎవరిది?



పొలం ఒకరిది, విత్తనం మరొకరిది, కష్టం ఇంకొకరిది అయినప్పుడు పంట ఎవరిది? మన పల్లెల్లో దీనికి జవాబు తెలియనివారు లేరు. దుక్కికి ముందే నలుగురి ఎదుట పాలు మాట్లాడుకుంటారు. కోత నాడు చూసుకుందాంలే అని వదిలేస్తే మిగిలేది తగవే. ఇదే ప్రశ్న నేడు విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల ముందు నిలబడి ఉంది.

పరిశోధనలో దొరికిన విద్యను వ్యాపారంగా మలచడానికి ప్రభుత్వాలు గ్రాంట్లు ఇస్తున్నాయి. మన దేశంలో ఇందుకోసం కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2012లో బైరాక్ అనే సంస్థను నెలకొల్పింది. ఒక పరిశోధకుడు తన ఆలోచన ఆచరణలో పనిచేస్తుందని నిరూపించుకోవడానికి ఆ సంస్థ 50 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అది ఇచ్చిన సాయంతోనే కొత్త కంపెనీలకు చోటిచ్చే కేంద్రం నడుస్తోంది. ఈ సొమ్ము ఎక్కడిది? సబ్బు బిళ్ల కొన్న కూలీ కట్టిన పన్ను కూడా అందులో ఉంది. మరి కంపెనీ నిలదొక్కుకుంటే లాభం మాత్రం కొందరిదే. ఇది న్యాయమేనా?

తొందరపడి తీర్పు చెప్పకండి. ప్రయోగశాలలో దొరికిన విద్య తనంతట తాను ఊరికి నడిచి రాదు. దాన్ని వేల మందిపై పరీక్షించాలి, కర్మాగారం కట్టాలి, నాణ్యత కాపాడాలి. ప్రొఫెసరుగారి వ్యాసం పత్రికలో అచ్చయినంత మాత్రాన బిడ్డ జ్వరం తగ్గదు. పైగా ఇలాంటి ప్రయత్నాలలో చాలా భాగం మధ్యలోనే ఆగిపోతాయి. ఆ నష్టభయాన్ని మోసేవారికి ప్రతిఫలం ఉండాలి. లాభం అనే మాటను పాపంగా చూడనక్కరలేదు.

అయితే ప్రతిఫలం అంటే అంతా ఒకరిదే అనా? 17వ శతాబ్దపు ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ ఒక వాదన చేశాడు. మనిషి తన శ్రమను దేనిలో కలుపుతాడో అది అతని సొంతమవుతుందని, అయితే ఇతరులకూ చాలినంత మిగలాలని ఆయన అన్నాడు. ఈ కొలతతోనే ఒక టీకా కథ చూద్దాం.

1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ బృందం ఒక వింతను గమనించింది. రోటా వైరస్ పసిపిల్లలకు ప్రాణాంతకమైన నీళ్ల విరేచనాలు తెస్తుంది. కానీ అప్పుడే పుట్టిన కొందరు శిశువులకు అది సోకినా జబ్బు చేయలేదు. ఆ శిశువుల నుండి తీసిన వైరస్సే టీకాకు మూలమైంది. మన బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలు, దాతృత్వ సంస్థలు ఆ పనికి సాయపడ్డాయి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కంపెనీ తన వంతు పెట్టుబడి పెట్టి తయారీని తలకెత్తుకుంది. చివరి పరీక్షలలో ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. తీవ్రమైన రోటా విరేచనాలను ఆ టీకా మొదటి ఏడాదిలో సగానికి పైగా తగ్గించింది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎవరి శ్రమ కలిసింది? శాస్త్రవేత్తలది, కంపెనీది, పన్ను కట్టినవారిది. ఒడిలోని బిడ్డను పరీక్షకు అప్పగించిన ఆ తల్లులది కాదా?

ఈ కథలో మెచ్చుకోదగినది ఒకటుంది. టీకాకు అనుమతి రాకముందే, దానిని ప్రభుత్వాలకు డోసు ఒక డాలరుకు ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. 2014లో అనుమతి వచ్చింది. 2016లో ఉచిత టీకాల కార్యక్రమంలో రోటా టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కంపెనీ నిలిచింది, బిడ్డలకూ టీకా అందింది. పాలు ముందే మాట్లాడుకున్న ఫలితమిది.

మాట్లాడుకోకపోతే ఏమవుతుందో ఎయిడ్స్ మందు స్టావుడిన్ చెబుతుంది. అది ఎయిడ్స్ వైరస్‌పై పనిచేస్తుందని కనిపెట్టింది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం. పేటెంటును విశ్వవిద్యాలయం ఒక పెద్ద కంపెనీకి అప్పగించింది. దక్షిణాఫ్రికాలో రోగులు రాలిపోతున్నా ఆ మందు పేదలకు అందని ధరలో ఉండిపోయింది. చివరకు 2001లో వైద్య సేవకులు, యేల్ విద్యార్థులు, మందును కనిపెట్టిన ప్రొఫెసరు కూడా గొంతెత్తిన తరువాత కంపెనీ ధర తగ్గించింది, అక్కడ పేటెంటు హక్కును పట్టుబట్టబోనని ఒప్పుకుంది. మంచిదే. కానీ ఆలోగా కన్నుమూసినవారికి ఆ ఒప్పుదల ఏం మేలు చేసింది?

ఆస్తిపై సమాజానికి తనఖా ఉన్నదని రెండవ జాన్ పాల్ పోపుగారు 1987లో తన విశ్వలేఖలో బోధించారు. 1991 నాటి లేఖలో, నేటి కాలంలో విజ్ఞానం, సాంకేతిక నైపుణ్యం కూడా భూమిలాగే ఒక ఆస్తి అని గుర్తుచేశారు. రెంటినీ కలిపి చదివితే విషయం తేలిపోతుంది. తనఖా ఉన్న ఆస్తి యజమానిదే. అయినా అప్పు మాట మరచి దాన్ని వాడుకునే హక్కు అతనికి లేదు.

"షరతులు పెడితే కంపెనీలు ముందుకు రావు" అని కొందరంటారు. కఠినమైన షరతులతో అలా జరగవచ్చు, కాదనను. అందుకే షరతు కొలతగా ఉండాలి. కొనగలిగిన వాడికి ఒక ధర, ప్రభుత్వ ఆసుపత్రికి ఒక ధర ఉండవచ్చు. లాభం వచ్చాక కొంత తిరిగి పరిశోధన నిధికి చేరవచ్చు. నిర్ణీత గడువులో మందు తయారు చేయకపోతే హక్కు మరొకరికి పోవచ్చు. వీటిలో ఏదైనా గ్రాంటు పత్రంపై సంతకం చేసే రోజునే రాసుకోవాలి. డబ్బు చేతులు మారాక అడిగేది బతిమాలడమే అవుతుంది.

ఇది ఢిల్లీలో పెద్దలు తేల్చుకోవలసిన సంగతి అని పక్కన పెట్టకండి. మన విచారణల నుండి ఎందరో బిడ్డలు ఎం.ఎస్సీ., బి.టెక్. చదువుతున్నారు. రేపు వారిలో ఒకరు ప్రభుత్వ గ్రాంటుతో కంపెనీ పెట్టవచ్చు. అప్పుడు తల్లిదండ్రులుగా మీరు సంతోషించండి, ఊరంతా మిఠాయి పంచండి. కానీ ఆ బిడ్డను కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి: "నీకు ఈ సొమ్ము ఇచ్చిన కూలీవాడు నీ మందు కొనగలడా?" ఆ ప్రశ్న అడిగే ఇల్లు ఉంటే, రేపు ఆ పత్రంలో ఏ షరతు రాయాలో ఆ బిడ్డకు వేరెవరూ చెప్పనక్కరలేదు.