గిరిపూజ – గిరిరక్షణ

కొండకోనల త్రవ్వకములు లౌకిక వ్యవహారములనియు, వానితో భక్తునకు పనిలేదనియు అనువారు కలరు. శ్రీమద్భాగవత దశమస్కంధము ఈ మాటను అంగీకరింపదు. గోవులకు పచ్చికను, నీటిని ఇచ్చు గోవర్ధనగిరిని పూజింపుడని శ్రీకృష్ణుడు గోపకులకు ఉపదేశించెను. అంతటితో విరమింపలేదు. ఇంద్రుడు రాళ్లవాన కురిపింపగా ఏడు దినములు ఆ గిరినెత్తి గోగోపకులను రక్షించెను. పూజయు రక్షణయు ఒకే ధర్మమునకు రెండు ముఖములు.

ఒడిశాలోని నియమగిరి యందు డోంగ్రియా కోందులు నియమరాజును ఆరాధింతురు. బాక్సైటు కొరకు ఆ కొండను త్రవ్వ తలపెట్టగా వారెదిరించిరి. వారి ఆరాధనాహక్కులను గ్రామసభలే పరిశీలింపవలెనని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ యేడు సమావేశమైన 12 గ్రామసభలును త్రవ్వకమును నిరాకరించినవి.

ఆ కొండల సెలయేళ్లు వంశధారలో చేరును. వంశధార శ్రీకాకుళము జిల్లా పొలములను తడిపి, కళింగపట్టణము కడ సముద్రమున కలియును. దైవనామము వేరైనను, ఆ వనవాసుల భక్తి కాచిన నీరు తెలుగు రైతు పంటకును చేరుచున్నది.

గిరికి మ్రొక్కి, గిరిని నమ్మి బ్రతుకువారికి అన్యాయము జరుగునపుడు మౌనము వహించినచో ఆ పూజ అసంపూర్ణమే. వారి పక్షమున పలుకు మాటయు గోవర్ధనధారికి ప్రీతికరమగు కైంకర్యమే.