జూరాలకు దిగిన వేసవి నీళ్లు

2019 మే నెల. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో తాగునీటికి కటకట. తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ అడిగారు, కర్ణాటక ముఖ్యమంత్రి కుమారస్వామి కృష్ణానదిపై ఉన్న నారాయణపూర్ జలాశయం నుంచి దిగువనున్న జూరాలకు 2.5 టీఎంసీలు వదలడానికి ఒప్పుకున్నారు. దానికోసం ఎవరూ ట్రిబ్యునల్ మెట్లెక్కలేదు. అయితే ఎండిన ఏట్లో వదిలిన నీళ్లన్నీ గమ్యం చేరవు. ఇసుక కూడా వాటాదారే!

కృష్ణ ఉపనది తుంగభద్ర కథ వేరు. రాజోలిబండ దగ్గర మొదలయ్యే మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కాలువ ముందు కర్ణాటకలో పారి, తర్వాతే అలంపూర్ వైపు వస్తుంది. తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, కాగితం మీద. చివరి ఆయకట్టు రైతునడిగితే వేరే లెక్క చెబుతాడు.

నాగార్జున సాగర్ దాటిన కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి మడ అడవులకు ఉప్పునీటితో పాటు మంచినీరూ కావాలి. 1973లో బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచింది. మడచెట్టు పేరున చుక్క రాయలేదు. సముద్రంలోకి పోయే నీళ్లను ‘వృథా’ అనడం మనకింకా పోలేదు.

వేరేచోట నది చివరకూ నీళ్లిచ్చారు. అమెరికా, మెక్సికో 2014 వసంతంలో ఎండిపోయిన కొలరాడో డెల్టాలోకి ఎనిమిది వారాల పాటు నీళ్లు వదిలాయి. మన లెక్కలో సుమారు నాలుగున్నర టీఎంసీలు. ఒడ్డున విత్తనాలు మొలిచాయి, నది కొద్దికాలం సముద్రాన్ని తాకింది. 2017 ఒప్పందంలోనైతే డెల్టా నీటిలో మూడో వంతు సమకూర్చడానికి స్వచ్ఛంద సంస్థలు కూడా ముందుకొచ్చాయి.