బారూకు సిరా



నాయనా, నీ లేఖ మొన్న సాయంకాలమున చేరినది. రెండేండ్లు శ్రమించి వ్రాసిన వ్యాసములను పత్రికవారు త్రిప్పిపంపిరనియు, తోడివారి పేర్లు అచ్చున కనబడుచుండగా నీకు కలము పట్టుటకే మనసొప్పకున్నదనియు చదివినంతనే నాకు నేరియా కుమారుడైన బారూకు జ్ఞప్తికి వచ్చెను.

యిర్మీయా ప్రవక్త పలుకుచుండగా ప్రతి మాటను సిరాతో వ్రాసిన లేఖకుడతడు. యెహోయాకీము రాజు ఏలుబడిలో 5వ సంవత్సరము 9వ నెలయందు, శీతకాలపు నగరులో కుంపటి యెదుట కూర్చుండిన ఆ రాజు, ఆ గ్రంథమున మూడు నాలుగు పుటలు చదువబడినప్పుడెల్ల చాకుతో కోసి నిప్పులో వేయుచు, తుదకు గ్రంథమంతటిని బూడిద చేసెను. బారూకు మరియొక గ్రంథపుచుట్టను చేతబట్టి, కాలిపోయిన మాటలన్నిటిని మరల వ్రాసి, అట్టివే మరి యనేకములను చేర్చెను. మొదటి ప్రతిని ఉత్సాహము వ్రాయింపగలదు; రెండవ ప్రతిని విశ్వాసమే వ్రాయింపవలెను.

ఆ బారూకే ఒకప్పుడు తనకు నెమ్మది లేదని మూల్గగా, తనకై ఘనతను వెదకుకొనవలదని ప్రభువు మందలించెను. యిర్మీయా 45వ అధ్యాయము 5 వచనములే. ఈ రాత్రి చదువుము. నీ వయసున నేనా మందలింపును పెడచెవిన బెట్టి, లూకా సువార్తకు మొదలిడిన వ్యాఖ్యను 9వ అధ్యాయము కడ విడిచి, మహాసభలలో ప్రసంగింప పిలిచిన చోటికెల్ల పోయితిని. ఆ కాగితములు నేటికిని పెట్టెలో నున్నవి. అది తలంచినప్పుడెల్ల నాకు దుఃఖము కలుగును.

ఘనత ఎప్పుడు వచ్చునో, పేరు నిలుచునో లేదో మన చేతిలో లేదు. మన గుఱ్ఱం జాషువ మహాకవికి ‘క్రీస్తు చరిత్ర’ నిమిత్తము 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించునాటికి ఆయన డెబ్బదవ యేటికి చేరువలో నుండెను. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను కన్నులు మూసికొని పాడు అవ్వలలో ఎందఱు కర్త పేరెఱుగుదురు?

సాక్ష్యము వ్రాయునపుడు మాత్రము, చదువరి కంట నీరు తెప్పించుటకై జరుగని అద్భుతమును కల్పింపకుము. కన్నులార చూచినవారి మాటలను ఆధారము చేసికొని, ఆదినుండి పరిశోధించి వ్రాసిన లూకా మనకు గురువు. వేకువను ప్రార్థన ముగించి, ఒక్క రచననే యెదుట నుంచుకొని, అది పూర్తియగువఱకు వేఱొకదానిని ముట్టకుము.

వచ్చు ఆదివారము ఆరాధన పిమ్మట మా యింటికి రమ్ము. తిరిగివచ్చిన వ్యాసములను తప్పక తెమ్ము. మొదటి పుట నుండి కలిసి చదువుదము. లూకా కాగితములను నేనును పెట్టెలోనుండి తీసి యుంచెదను.

ఇట్లు,
నీ పెదనాన్న