ఎఱ్ఱ దీపము తీసివేసిన వాను
ధ్యానభాగము: యిర్మీయా 36వ అధ్యాయము



మన సంఘపు వానును గూర్చి ఈ నెల వ్రాయవలసివచ్చినది. పల్లెలలోని ప్రార్థన కూటములకు మనలను చేర్చి, ఎందరో రోగులను ఆసుపత్రికి మోసికొనిపోయిన ఆ బండి, మొన్న రాత్రి నడిదారిలో ఇంజను బిగిసిపోయి నిలిచినది. దేవుని కృపవలన ఎవరికిని గాయము కాలేదు. అయితే తప్పు బండిది కాదు, మాది.

ఆరు నెలల క్రిందట డ్రైవరు సహోదరుడు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆయిలు దీపం అప్పుడప్పుడు మిణుకుమిణుకుమంటున్నదండి" అనెను. మెకానిక్కు ఒకడు చూచి, ఆయిలు నిండుగానే ఉన్నది, స్విచ్చి చెడియుండునని చెప్పెను. మాకు తీరిక లేదు. రాత్రివేళ ఆ ఎఱ్ఱని మిణుకు కంటికి చికాకుగా నుండెను. "బల్బు తీసివేయుము" అంటిమి. ఆదివారము ఆదివారము మనస్సాక్షిని గూర్చి బోధించు మేమే ఆ మాట అంటిమి.

ఆ దీపము పనిచేయు విధము అప్పుడు తెలిసికొనలేదు, ఇప్పుడు తెలిసికొంటిమి. ఇంజను ఆగియున్నప్పుడు ఆయిలుకు ఒత్తిడి ఉండదు. అప్పుడు ఇంజనుకు బిగించిన చిన్న స్విచ్చి దీపపు వైరును ఎర్తుకు కలుపును. తాళము త్రిప్పగానే దీపము వెలుగును. ఇంజను తిరిగి ఒత్తిడి పుట్టగానే ఆ కలయిక విడిపోయి దీపము ఆరును. కాబట్టి ఇంజను స్టార్టు చేయకమునుపు ఎఱ్ఱ దీపము వెలుగవలెను. వెలుగనిచో సంతోషింపరాదు. బల్బు మాడినదా, వైరు ఊడినదా, ఫ్యూజు పోయినదా అని వెదకవలెను. పాత బండ్లలో, తాళము త్రిప్పియుంచి, స్విచ్చి వైరును ఊడదీసి ఇంజను ఇనుముకు తాకించి చూతురు. దీపము వెలిగినచో బల్బును వైరును మంచివే, స్విచ్చియే చెడినది. నేటి కొత్త బండ్లలో తాళము త్రిప్పగానే హెచ్చరిక దీపములు కొన్ని క్షణములు వెలిగి ఆరుచుండుట మీరు చూచియుందురు. అది అలంకారము కాదు, దీపములు బ్రతికియున్నవా యను పరీక్ష.

ఇంజను తిరుగుచుండగా ఆయిలు దీపము వెలిగినయెడల అది వేరు సంగతి. వెంటనే బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆర్పవలెను. ఆయిలు నిండుగా నున్నంతమాత్రమున ఒత్తిడి యున్నదనుకొనరాదు; పంపు అరిగియుండవచ్చును, బేరింగులు వదులైయుండవచ్చును. గేజి బిగించి ఒత్తిడి కొలిచి చూచువరకు స్విచ్చి మీద నేరము మోపరాదు. మా వానులో చెడినది స్విచ్చి కాదు, పంపు. దీపము ఆరు నెలలు నిజమే చెప్పినది.

మరియొక చిన్న సంగతి. మీటర్ల వెనుక వెలుగు పోయినదని కొందరు బోర్డంతయు విప్పింతురు. తీరా చూడగా వెలుగును తగ్గించు చిన్న చక్రమును ఎవరో త్రిప్పియుందురు. అది కానిచో ఫ్యూజు చూడవలెను. అనేక బండ్లలో ఆ వెలుగునకును వెనుక దీపములకును ఒకటే ఫ్యూజు. లోపల మసకయే గదాయని మనము సర్దుకొనుచుండగా, వెనుక వచ్చు లారీవానికి మన బండియే కనబడదు!

రాజైన యెహోయాకీము తొమ్మిదవ నెలలో చలికాలపు నగరులో కూర్చుండెను. ఎదుట కుంపటి మండుచుండెను. యెహూది యిర్మీయా గ్రంథపు చుట్టలో మూడు నాలుగు పుటలు చదివిన కొలది రాజు చాకుతో కోసి నిప్పులో వేయుచుండెను. ముగ్గురు ప్రధానులు వలదని వేడుకొనినను వినలేదు. కాలినది చుట్ట మాత్రమే, బబులోను సైన్యము కాదు. రాజునకు ఆ పూట గది నిమ్మళించినది. బారూకు మరల కలము పట్టెను. ఈ సారి చుట్ట మునుపటికంటె పెద్దదాయెను.

ప్రియులారా, వాను ఆగిన ఆ రాత్రి రోడ్డు ప్రక్కను కూర్చుండి మేము తలంచుకొన్నది వానును గూర్చి కాదు. నిరుడు లెక్కల కూటములో ఒక యౌవనస్థుడు కట్టడపు నిధి రసీదులు ఏవని మూడు మారులు అడిగెను. గర్వియనియు, ఐక్యతను చెఱుపుచున్నాడనియు చెప్పి అతనిని కమిటీనుండి తప్పించితిమి. తరువాతి కూటములు ఎంతో నెమ్మదిగా జరిగినవి. ఆ నెమ్మదికై ప్రార్థనలో దేవుని స్తుతించితిమి కూడ.

పోయిన బుధవారము ఆ తమ్ముని యింటికి వెళ్లి క్షమింపుమని వేడుకొంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. వారి తల్లిగారు టీ తెచ్చియిచ్చిరి. టీ చల్లారిన పిమ్మట, రసీదు పుస్తకములు మొత్తము ఎన్ని, అవి ఎవరియొద్ద నున్నవని అడిగెను. తొమ్మిది అతని చేతికిచ్చితిమి. రెండు దొరకలేదు. వెదకుచున్నాము.